అరవై నాలుగేళ్ల లేటు బండి

బండి గంట లేటంటేనే స్టేషన్ మాస్టర్ని తిట్టుకుంటాం. రెండు గంటలైతే మన తిట్లు రైల్వే మంత్రిదాకా వెళ్తాయి. అలాంటిది 1940లో ఆగిపోయిన బండి మళ్లీ 2004లో వస్తే? కాకినాడ- కోటిపల్లి మధ్య సరిగ్గా అదే జరిగింది. రెండో ప్రపంచయుద్ధం పుణ్యమా అని ఊడదీసుకుపోయిన పట్టాలు తిరిగి పడటానికి 64 ఏళ్లు పట్టింది. ప్లాట్‌ఫాం మీద పసిబిడ్డగా తల్లి చంకనెక్కినవాళ్లు తాతలై మనవలతో కలిసి బండెక్కేంత కాలమన్నమాట!

మన సూర్యాపేట, తుంగతుర్తి వైపు వాళ్లకి ఈ కథ కాస్త విచిత్రంగానే ఉంటుంది. ఇక్కడివాళ్లు రైలెక్కాలంటే నల్గొండకో మిర్యాలగూడకో ఖమ్మానికో జనగామకో బస్సులో పోవాల్సిందే. అసలు రైలే చూడని ఊరి బాధ ఒకటి. ఉన్న రైలు పోగొట్టుకున్న ఊరి బాధ ఇంకొకటి. రెండోది ఎలా ఉంటుందో తెలియాలంటే గోదావరి డెల్టాకి వెళ్లాలి.

రేవు కట్టిన ఊరు

కాకినాడ అనగానే ఇప్పుడు మనకి గుర్తొచ్చేది కాజా. నూరేళ్ల క్రితం వాళ్లకి గుర్తొచ్చింది రేవు. నిజానికి ఆ పేరు ముందు కాకినాడది కాదు, పక్కనున్న కోరంగిది. ఓడలు కట్టడంలో, సరుకు నడపడంలో కోరంగి పెట్టింది పేరు. 1789లో ఓ ఉప్పెన, 1839 నవంబరులో మరో పెను తుపాను ఆ ఊరిని తుడిచిపెట్టేశాయి. దానికితోడు గోదావరి ఏటేటా తెచ్చి పోసే ఒండ్రు రేవును పూడ్చేసింది. ఓడలకి వేరే చోటు కావాల్సివచ్చింది. హోప్ ఐలాండ్ అనే ఇసుకతిన్నె సముద్రానికి అడ్డుగోడలా నిలబడి కాపాడుతున్న కాకినాడ తీరం కలిసొచ్చింది. అప్పటికే జగన్నాథపురంలో డచ్చివాళ్లు కాపురం పెట్టి వెళ్లిపోయారు కూడా.

1860ల్లో అమెరికాలో అంతర్యుద్ధం. అక్కడి నుంచి పత్తి ఆగిపోవడంతో ఇంగ్లండు మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలవలు కాకినాడదాకా పడవలకి దారిచ్చాయి. పత్తి, బియ్యం, నూనెగింజలు... అన్నీ కాలవ మీద దిగొచ్చి రేవు చేరేవి. అసలు ఆ రోజుల్లో కాకినాడలో పడవెక్కితే ఏలూరు కాలవ, కృష్ణ, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసుదాకా నీళ్ల మీదే వెళ్లిపోవచ్చు. ఇప్పుడు మనకి అది కథలా వినిపిస్తుంది గానీ అప్పటి వ్యాపారులకి రోజువారీ వ్యవహారం.

ఈ రేవుకో చిక్కుంది. తీరం దగ్గర లోతు తక్కువ. పెద్ద ఓడ ఒడ్డుదాకా రాలేదు. కొన్ని మైళ్ల దూరంలో సముద్రంలోనే లంగరేసి నిలబడేది. ఇక్కడి నుంచి సరుకు వేసుకున్న పడవలు ఊరిని రెండుగా చీల్చే ఉప్పుటేరులోంచి బయల్దేరి ఓడని చేరాలి. బస్తా బస్తా పైకెక్కించాలి. తిరిగి రావాలి. రేవంటే క్రేన్లూ గోడలూ కాదు, అచ్చంగా మనుషుల భుజాలే!

అలాంటి రేవుకి 1893లో రైలొచ్చింది. బెజవాడ నుంచి కటక్ వైపు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే మార్గం వేస్తున్న రోజులవి. అసలు మార్గం సామర్లకోట మీదుగా సాగిపోయింది. కాకినాడని ఓ కొమ్మలా దానికి అతికించారు. ఆ కొమ్మ సముద్రపు ఒడ్డున ఆగింది. కాకినాడ మెయిన్ లైన్లో లేదన్న దిగులు అప్పుడు మొదలైందే! పిఠాపురం నుంచి నేరుగా లైను వేయాలన్న కోరిక దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది.

ఆ కొమ్మ చివర ఉన్న స్టేషన్ పేరు కాకినాడ పోర్టు. సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లకి పరిచయమే. తీరా అక్కడ దిగి ‘ఓడలేవీ?’ అని చూస్తే ఒక్కటీ కనిపించదు. పేరులో రేవుంది, ఎదురుగా మాత్రం లేదు. రేవు యార్డు అంటే మామూలు స్టేషన్ లాంటిది కాదు. అక్కడ మనుషులెక్కే బండ్లకన్నా సరుకు బండ్లే ఎక్కువ. ఒక లైను పదిగా చీలి వేళ్లలా పరుచుకునేది. గిడ్డంగి గుమ్మంలోకి ఒకటి, ఒడ్డుకి ఒకటి, తూకం దగ్గరకి ఒకటి. ఇంజను వ్యాగన్లని నెట్టి, లాగి, విడగొట్టి, మళ్లీ కలుపుతూ ఉండాలి. షంటింగు కూతలే ఇలాంటి రేవుపేటలకి అలారం గడియారాలు.

రంగం వెళ్లిన దారి

ఈ రైలు తెచ్చినవి బస్తాలు మాత్రమే కాదు. మనుషుల్ని కూడా. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల పేద కుటుంబాలకి అప్పట్లో ఒకే మాట... ‘రంగం’. అంటే రంగూన్. ‘మా తాత రంగం వెళ్లాడు’ అని ఇప్పటికీ కోస్తా ఇళ్లలో చెప్పుకుంటారు. కాకినాడ నుంచి, ఉత్తరాన ఇతర రేవుల నుంచి స్టీమర్లు బంగాళాఖాతం దాటించేవి. బర్మాలో మనవాళ్లని ‘కోరంగీలు’ అనేవారు. పాడైపోయిన ఓ తెలుగు రేవు పేరు, సముద్రం అవతల ఓ జాతికే పేరైపోయింది!

అక్కడా చాలామంది చేసింది రేవు పనే. ఓడల్లోంచి సరుకు దించడం, ఎక్కించడం. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. యజమానులు వాళ్ల స్థానంలో బర్మా కూలీల్ని దింపారు. సమ్మె ముగిసి మళ్లీ మనవాళ్లని తీసుకునేసరికి రెండు వర్గాల మధ్య పెద్ద అల్లర్లు చెలరేగాయి. చాలా ప్రాణాలు పోయాయి. పొట్టకూటి కోసం వెళ్లినవాళ్లు, పొట్టకూటి కోసమే వచ్చినవాళ్లతో తలపడ్డారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాక లక్షలాది భారతీయులు నడిచో, పడవలెక్కో తిరుగుముఖం పట్టారు. అంతటితో రంగం స్టీమరు కథ దాదాపు ముగిసింది.

కాకినాడ రేవు అప్పటికే చిక్కిపోతోంది. కారణం ఎక్కడో లేదు, విశాఖలోనే ఉంది. 1931లో రాయపూర్ నుంచి విజయనగరం వైపు రైలుమార్గం పూర్తయింది. 1933లో విశాఖ హార్బర్ తెరుచుకుంది. అక్కడ ఓడ నేరుగా గోడ పక్కకే వచ్చి ఆగుతుంది. ఎదురుగానే వ్యాగన్. మధ్యలో పడవా లేదు, అలల్లో ఊగిసలాటా లేదు. వ్యాపారి ఎటు వెళ్తాడో చెప్పనక్కర్లేదుగా.

కోటిపల్లి కట్ట

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. 1928లో కాకినాడ నుంచి దక్షిణంగా కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గోదావరి ఒడ్డున ఉన్న కోటిపల్లిదాకా 45 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు. మ్యాపు ముందేసుకుంటే ఎందుకో తెలిసిపోతుంది. కోటిపల్లికి ఎదురుగా గౌతమి పాయ. ఆ పాయ దాటితే ముక్తేశ్వరం, కోనసీమ. కొబ్బరికాయలు, అరటిగెలలు, ధాన్యం... అన్నీ నది దాటి ఇవతలికి వస్తే బండెక్కి రేవుకి పోతాయి. దారిలో ద్రాక్షారామ భీమేశ్వరుడు, చివర్లో కోటిపల్లి సోమేశ్వరుడు. సరుకూ ఉంది, భక్తులూ ఉన్నారు. రైలుకి ఇంకేం కావాలి?

పన్నెండేళ్లు నడిచింది. 1940లో ఆపేశారు. యుద్ధానికి ఉక్కు కావాలి, పట్టాలు కావాలి. కొత్తవి తయారుచేసే తీరిక లేదు. అందుకని దేశంలో రాబడి తక్కువనుకున్న ఎన్నో బ్రాంచి లైన్లని ఊడదీసి యుద్ధ అవసరాలకి తరలించారు. ఆ జాబితాలో కోటిపల్లి లైనూ పడింది. ప్రజల్ని అడిగేదేముంది... తెల్లదొరల ప్రభుత్వం, తెల్లదొరల యుద్ధం. పట్టాలు వెళ్లిపోయిన రెండేళ్లకి యుద్ధమే కాకినాడకి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతోపాటు కాకినాడ మీదా బాంబులేశాయి.

పట్టాలు పోయాయి. కట్ట మిగిలింది.

రైలుకట్ట అనేది అంత తేలిగ్గా చచ్చేది కాదు. డెల్టా భూమి పళ్లెంలా ఉంటుంది. వానొస్తే నీళ్లు నిలుస్తాయి. అందుకని పట్టాలు వేయాలంటే ముందు మట్టి పోసి ఎత్తు చేయాలి. ఆ మట్టి ఎక్కడిది? పక్కనే తవ్విందే. అందుకే ఏ పాత లైనుకైనా రెండువైపులా వరసగా గుంటలుంటాయి. వాటిలో నీళ్లు, నీళ్లలో తామరాకులు. పట్టాలు లేకపోయినా సరే, పొలాల మధ్య ఓ ఎత్తైన గట్టు తిన్నగా సాగిపోతూ దాని పక్కన గుంటల వరస ఉందంటే అక్కడ ఒకప్పుడు బండి తిరిగిందేమోనని అనుమానించాల్సిందే.

ఇంకో గుర్తుంది. ఎడ్లబండి దారి ఎక్కడ పడితే అక్కడ మలుపు తిరుగుతుంది. చెట్టుంటే పక్కకి జరుగుతుంది, రైతు ఒప్పుకోకపోతే చుట్టూ తిరిగొస్తుంది. రైలుదారి అలా కాదు. దాని మలుపు నింపాదిగా, పెద్ద విల్లులా వంగుతుంది. దాని ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. చక్రం జారకుండా, ఇంజను రొప్పకుండా ఉండాలిగా మరి. అందుకే విమానంలోంచి, ఈ రోజుల్లో ఉపగ్రహ చిత్రంలోంచి చూసినా పాత రైలుకట్ట ఇట్టే దొరికిపోతుంది. చుట్టూ ఉన్న పొలాల గెట్లు ఒక లెక్క, మధ్యలో ఈ గీత ఇంకో లెక్క.

కట్ట కింద తూములు చూడండి. నీళ్లు అటూ ఇటూ పారడానికి ఇటుకలతో కమానులు కట్టేవారు. మనిషి వంగి దూరేంత చిన్న తూముకి కూడా అంత దళసరి గోడెందుకో పొలం పనికి పోయేవాడికి అర్థంకాదు. దాని మీద టన్నుల కొద్దీ బరువు పరిగెత్తిందని తెలిస్తే ‘ఓహో’ అనుకుంటాడు. ఇక స్లీపర్లు. చెక్కవే కాదు, గిన్నె బోర్లించినట్టుండే పోతయినుప స్లీపర్లు కూడా మన దేశంలో విరివిగా వాడారు. చెద పట్టదు, ఎండకి పగలదు.

అన్నిటికన్నా నాకు నచ్చేది పట్టా మీది రాత. రైలు పట్టాని ఫ్యాక్టరీలో సాగదీసేటప్పుడే దాని నడుము మీద తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో అచ్చవుతాయి. పాతవైతే ఇంగ్లండు కంపెనీలవి. 1912 నుంచి జంషెడ్‌పూర్ టాటా పట్టాలూ వచ్చాయి. వయసైపోయిన పట్టాలని రైల్వేవాళ్లు పారేయరు. స్టేషన్ కంచెకి గుంజలుగా, షెడ్డుకి స్తంభాలుగా, ఆగిపోయిన లైను చివర అడ్డుకట్టగా పాతేస్తారు. ఏ పాత స్టేషన్లోనైనా బండి కోసం ఎదురుచూస్తూ విసుగొచ్చినప్పుడు ప్లాట్‌ఫాం స్తంభాన్ని చేత్తో తడిమి చూడండి. రంగు పొరల కింద ఓ సంవత్సరం తగలొచ్చు. పిల్లలకి చరిత్ర పాఠం చెప్పడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు. అయితే ఒకమాట... ఇవన్నీ రైల్వే ఆస్తులే. చూడటంతో సరిపెట్టుకోవాలి. నడుస్తున్న లైన్ల మీదికి వెళ్లడం ప్రాణానికీ మంచిది కాదు, జేబుకీ మంచిది కాదు.

తిరిగొచ్చిన బండి

అరవై నాలుగేళ్లంటే మాటలా? స్వాతంత్ర్యం వచ్చింది. రాష్ట్రం ఏర్పడింది. కోటిపల్లి రైలు మాత్రం ఎన్నికల సభల్లో వినిపించే మాటగానే ఉండిపోయింది. అమలాపురం నుంచి గెలిచి లోక్‌సభ స్పీకరైన జి.ఎం.సి.బాలయోగి కోనసీమకి రైలు రావాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో ఒకరు. కోటిపల్లి నుంచి నదులు దాటించి నరసాపురందాకా కలిపే 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000-01లో మంజూరైంది. ఆయన 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు. కాకినాడ- కోటిపల్లి పట్టాలు తిరిగి పడటం ఆయన చూడలేదు.

2004లో బండొచ్చింది. కానీ ఏం బండి! ఒకే ఒక్క పెట్టె. రైల్‌బస్సు అన్నారు. బస్సుకి పట్టాలెక్కే చక్రాలు తగిలించినట్టుండేది. పచ్చటి వరిచేల మధ్య, కొబ్బరిచెట్ల నీడల్లో, బుడిబుడి నడకతో వెళ్లేది. ఫొటోలు తీసుకునేవాళ్లకి పండగే. రోజూ కాకినాడ వెళ్లి పనిచేసుకోవాల్సినవాళ్లకి మాత్రం ఆ ముద్దొచ్చే బండి పెద్దగా అక్కరకి రాలేదు. వేళలు కుదరవు, వేగం లేదు. పక్కనే రోడ్డు మీద ఆటోలు, బస్సులు. రైలు లేని కాలంలో జనం రోడ్డుకి అలవాటుపడిపోయారు. ఒకసారి తెగిన అలవాటుని పట్టాలు వేసినంత తేలిగ్గా అతికించలేం. జనం ఎక్కట్లేదని బండ్లు పెంచలేదు. బండ్లు లేవని జనం ఎక్కలేదు. తప్పు జనంలో ఉందని మాత్రం నేననుకోను.

2020లో కొవిడ్ వచ్చి ఆ ఒక్క పెట్టెనీ ఆపేసింది. తర్వాత బండిని మళ్లీ నడపాలన్న డిమాండ్లు పత్రికల్లో కనిపిస్తూనే వచ్చాయి. గౌతమి పాయలో నరసాపురం లైను కోసం కట్టిన పిల్లర్లు నీళ్లలోంచి లేచి నిలబడ్డాయి. చిత్రమైన దృశ్యం కదూ! ఒకే ఊళ్లో 1928 నాటి కట్ట, 2004 నాటి పట్టాలు, ఇంకా రైలెరగని వంతెన స్తంభాలు. పాతదాని శిథిలం, రాబోయేదాని అస్థిపంజరం పక్కపక్కనే ఉన్నాయి. ఆ పాయ తర్వాత వైనతేయ, వశిష్ఠ కూడా దాటాలి. అప్పుడుగానీ కోనసీమ నడిబొడ్డున ఇంజను కూత వినిపించదు.

ఆనకట్ట కన్నా ముందు...

గోదావరి జిల్లాల్లో పోయిన పట్టాల లెక్క తీస్తే కోటిపల్లి మొదటిది కాదు. దానికి ఎనభై ఏళ్ల ముందే ధవళేశ్వరంలో పట్టాలున్నాయి! బొంబాయి- ఠాణే మధ్య 1853 ఏప్రిల్ 16న నడిచిన బండే దేశంలో మొదటి రైలని బళ్లో చదువుకున్నాం. అది మొదటి ప్రయాణికుల రైలు. అంతకుముందే 1840ల్లో కాటన్ దొర ఆనకట్ట పనుల కోసం ధవళేశ్వరంలో కొండ రాళ్లని మోయడానికి పట్టాలు వేయించాడు. 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేశారు. లక్షల టన్నుల రాయి కొండ దిగి నదిలోకి వెళ్లింది. పని అయిపోయాక ఆ పట్టాలతో పనేముంది? ఊరు ఆనకట్టని గుర్తుంచుకుంది, కాటన్‌ని గుర్తుంచుకుంది, ఆయనకి కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్ననీ గుర్తుంచుకుంది. రాళ్లబండిని మరిచిపోయింది.

తమాషా ఏమిటంటే, ఆ పట్టాలేయించిన కాటనే తర్వాతి రోజుల్లో రైళ్లకి బద్ధవిరోధి. ‘ఈ దేశానికి కావాల్సింది రైళ్లు కాదు, కాలవలు’ అన్నది ఆయన వాదన. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆ మాట మీదే నిలబడ్డాడు. కాలవ అయితే పంటకి నీళ్లూ ఇస్తుంది, సరుకూ మోస్తుందని. ఆయన మాట ఎవరూ వినలేదు. రైళ్లు వచ్చి కాలవ పడవల్ని తినేశాయి. లారీలు వచ్చి చిన్న రైళ్లని తినేశాయి. కోటిపల్లి లైను మాత్రం యుద్ధానికి పోయింది.

రాజమండ్రి హేవలాక్ వంతెన సంగతీ అంతే. 56 స్పాన్లతో 1900లో తెరుచుకుని, 1997లో ఆఖరి బండి దాటాక గోదావరి మీద ఊరికే నిలబడి ఉంది. నడకదారి చేస్తామనీ, పర్యాటక కేంద్రం చేస్తామనీ చాలా మాటలు విన్నాం. న్యూయార్క్‌లో హై లైన్ అనే సరుకు రైలుమార్గం 1980లో ఆగిపోతే, కూల్చేయాలని చాలామంది పట్టుబట్టినా, ఆ పేటవాళ్లు పోరాడి దాన్ని తోటగా మార్పించుకున్నారు. 2009లో తెరిచాక అక్కడ నడవడానికి దేశదేశాల నుంచి జనం వెళ్తున్నారు. గోదావరి మీద సూర్యాస్తమయం ముందు వాళ్ల హడ్సన్ ఏపాటి? కానీ చూడటానికి మనకి దారి ఉండాలిగా!

మన బియ్యం బస్తా

కాకినాడ రేవు చచ్చిపోలేదు. 1997లో లోతైన రేవు సిద్ధమయ్యాక పెద్ద ఓడలు నేరుగా ఒడ్డుకే వస్తున్నాయి. పాత పద్ధతిలో పడవల మీద సరుకు మోసే రేవూ పక్కనే ఉంది. మన దేశం నుంచి బాస్మతి కాని బియ్యం విదేశాలకి వెళ్లే రేవుల్లో ఇదే ముఖ్యమైనది. 2025 మార్చి 31న తెలంగాణ బియ్యం 12,500 టన్నులు ఫిలిప్పీన్స్‌కి ఓడెక్కింది ఇక్కడే. మన హుజూర్‌నగర్ ఎమ్మెల్యే, పౌర సరఫరాల మంత్రి ఉత్తమ్‌కుమార్ రెడ్డి వెళ్లి జెండా ఊపారు. మూసీ, సాగర్ ఎడమ కాలవ కింద పండిన వడ్లకీ, ఆ ఉప్పుటేరుకీ చుట్టరికం అలా కలుస్తుంది. తుంగతుర్తి రైతుకి రైలు స్టేషన్ లేకపోవచ్చు గానీ రేవు మాత్రం ఉంది!

గోదావరి పుష్కరాల లెక్కన చూస్తే కోటిపల్లి లైను జాతకం ఇంకా బాగా అర్థమవుతుంది. 1928లో వేశాక 1930ల మొదట్లో వచ్చిన పుష్కరానికి జనం రైల్లో వెళ్లి మునిగారు. ఆ తర్వాత వరసగా ఆరు పుష్కరాలకి, 2003 దాకా, పట్టాలే లేవు. ఏడాది తేడాతో 2004లో పట్టాలొచ్చాయి. 2015కి మళ్లీ ఉన్నాయి. రాబోయేవి 2027లో. అప్పుడు కోటిపల్లి వెళ్లేవాళ్లు స్నానం ముగించుకుని, ముక్తేశ్వరం పంటు కోసం రేవులో ఎదురుచూసే కాస్త సమయంలో ఊళ్లోని స్టేషన్ వైపు కూడా ఓ అడుగు వేసి రండి. బండి ఉందో లేదో అక్కడే తెలుస్తుంది.